రంపె నుంచి ర్యాంపు దాకా

2025 జూన్ నెలాఖర్లో ఒక సాయంత్రం మా నాయిన చేతికి నా సెల్‌ఫోన్ ఇచ్చి ఒక ఫొటో చూపించాను. జూన్ 22న ఇటలీలోని మిలాన్ నగరంలో ప్రాడా కంపెనీ మగవాళ్ల బట్టల ప్రదర్శన పెట్టింది. ర్యాంపు మీద నడిచిన మోడళ్ల కాళ్లకు తోలు చెప్పులున్నాయి. బొటనవేలికి ఉంగరం, పాదం మీద అడ్డపట్టీ, పలచని అడుగు. నాయిన అద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"ఇవి కొల్లాపురి చెప్పులు గదా బిడ్డా. మన కిర్రు చెప్పులకు చుట్టాలే" అన్నాడు. కొంచెం ఆగి, "కుట్టినోని పేరు రాసిన్రా?" అని అడిగాడు.

"లేదు నాయినా. తోలు చెప్పులని రాసిన్రు, అంతే. ఏ దేశానివో గూడ రాయలే."

"మన పటేలు గూడ గంతే గదా. ఊరంత తిరుక్కుంట నా చెప్పులు, నా చెప్పులు అనెటోడు. మీ తాత పేరు ఎన్నడన్న చెప్పిండా?"

నాయిన నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇరవై ఏళ్లకు పైగా ఈ బట్టల లోకంలో బతుకుతున్నదాన్ని. ఫ్యాషన్‌లో జాతి వివక్ష ఉందా లేదా అని పెద్దపెద్ద వాళ్లు చర్చిస్తుంటే విన్నదాన్ని. మా నాయిన అడిగినంత సూటిగా ఎవరూ అడగలేదు.

మాది పాత నల్లగొండ జిల్లాలో ఒక ఊరి మాదిగ వాడ. తాత సొత్తు మూడు వస్తువులు. ఆరె, రంపె, గూటం. ఇంటి వెనక లంద, అందులో తంగేడు చెక్క నానిన ఎర్రటి నీళ్లు. ఊర్లో గొడ్డు చస్తే మోసుకొచ్చేదీ, తోలు తీసేదీ, ఊనేదీ మావాళ్లే. ఆ తోలుతో మోట తొండాలు, వార్లు, పగ్గాలు, చెప్పులు. ఏడాది పొడుగునా చాకిరీ చేస్తే కల్లం కాడ ఇన్ని గింజలు పోసేవాళ్లు.

పటేలుకు చెప్పులు కుట్టాలంటే కొలత కావాలి గదా. కాలు ముట్టుకోవద్దు. అందుకని పటేలు మెత్తటి మన్నుల అడుగేసి పక్కకు జరిగేవాడట. ఆ ముద్రను మా తాత పుల్లతో కొలుచుకునేవాడట. ఊరందరి కాళ్లకూ సరిపోయే చెప్పులు చేసిన మనిషి, గడి ముందర నుంచి పోయేటప్పుడు తన చెప్పులు విడిచి చేతిల పట్టుకుని పోయేవాడు. చెప్పుల్లేని కాళ్లని చూసి జాలిపడేవాళ్లుంటారు. చెప్పులుండీ వేసుకోరాని కాళ్ల సంగతి వాళ్లకు తెలియదు.

నేను పుట్టేనాటికి గడి కూలిపోయింది. చూపు కూలలేదు. మా చిన్నాయిన ఇస్త్రీ చొక్కా వేసుకుని హోటలు కాడికి పోతే "మాదిగోనికి సోకెక్కువైంది" అన్నారు. మా అవ్వ రవిక చేతులకు జరీ అంచు కుట్టించుకుంటే "ఏం సోకే నీది" అన్నారు. ఫ్యాషన్ అనే ఇంగ్లీషు మాట రాకముందే మాకు సోకు అనే తెలుగు మాట తెలుసు. అది మాకు తిట్టు. అదే చొక్కా వాళ్లు వేసుకుంటే హోదా.

కార్యకర్తలు నన్ను నిలదీయొచ్చు. "మన శవాలకు శ్మశానంలో జాగా లేదు, మన పిల్లలకు హాస్టళ్లలో కడుపునిండా తిండి లేదు, నువ్వు ర్యాంపుల గురించి మాట్లాడుతున్నావా?" న్యాయమైన ప్రశ్నే. కానీ బట్ట అనేది ఏనాడూ చిన్న విషయం కాదు. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు రవిక కోసం ఏళ్ల తరబడి కొట్లాడారు. చివరికి 1859లో రాజు ప్రకటన ఇచ్చాడు. ఒళ్లు కప్పుకోవచ్చు, కానీ పైకులాల స్త్రీలు కప్పుకున్న తీరులో మాత్రం కప్పుకోకూడదు! అంటే వాళ్ల భయం బట్ట గురించి కాదు, పోలిక గురించి. 1927 డిసెంబర్‌లో మహద్ సభ దగ్గర బాబాసాహెబ్ అంబేద్కర్ మన స్త్రీలతో ప్రత్యేకంగా మాట్లాడాడు. అంటరానితనాన్ని దూరం నుంచే పట్టించే బరువైన కడియాలు, గొలుసులు వదిలేయమన్నాడు. చీర పైకులాల ఆడవాళ్లు కట్టుకున్నట్టే నిండుగా కట్టుకోమన్నాడు. చెరువు నీళ్ల కోసం కొట్లాడేచోట చీరకట్టు గురించి మాట్లాడినందుకు ఆయన్ను ఎవరైనా తప్పుబట్టగలరా? కట్టూ బొట్టూ కూడా మనుధర్మంలో భాగమేనని ఆయనకు తెలుసు.

ఆ నమ్మకంతోనే నేను పట్నంలో ఒక ఫ్యాషన్ డిజైన్ కాలేజీలో చేరాను. రిజర్వేషన్ సీటు. చివరి ఏడాది మా డిజైన్లతో ఒక షో పెట్టారు. షో అయిపోయాక బట్టలు డిజైన్ చేసినవాళ్లు మోడళ్లతో కలిసి ర్యాంపు మీదకు వచ్చి దండం పెట్టాలి. అందరూ పెట్టారు. నేను పెట్టలేదు. ముందురోజు మా మేడమ్ నన్ను పక్కకు పిలిచింది.

"నీ డిజైన్లు చాలా బాగున్నాయమ్మా. కానీ నువ్వు స్టేజీ మీదకు రాకు. ఆ లైట్లకు నీ రంగు బాగా కనబడదు. నీ మంచికే చెబుతున్నా."

తెర వెనకాల గుండుసూదుల డబ్బా పట్టుకుని నిలబడి, నేను కత్తిరించిన బట్టకు మోగిన చప్పట్లు విన్నాను. మేడమ్ చెడ్డమనిషి కాదు. నా పరీక్ష ఫీజుకు ఒకసారి డబ్బులు సర్దింది. ఆమెను ద్వేషిద్దామంటే అదే అడ్డమొచ్చేది. ఆమెకు దురుద్దేశం లేదు. మరి జరిగిందేమిటి? దురుద్దేశం లేకుండా జరిగిన అన్యాయాన్ని ఏ పేరు పెట్టి పిలవాలి?

ఆ ప్రశ్నకు నాకు జవాబు చాలా ఏళ్లకు దొరికింది. అదీ అమెరికా నల్లజాతి స్త్రీల దగ్గర దొరికింది.

వాళ్ల దారి పెద్దది. బ్రిటిష్ వోగ్ పత్రిక అట్ట మీదికి ఒక నల్లజాతి స్త్రీ రావడానికి 1966 దాకా పట్టింది. ఆమె డోన్యేల్ లూనా. అమెరికన్ వోగ్ అట్ట మీదికి బెవర్లీ జాన్సన్ వచ్చింది 1974లో. మధ్యలో 1973 నవంబర్‌లో ఫ్రాన్సులోని వెర్సాయ్ రాజభవనంలో ఫ్రెంచి డిజైనర్లకూ అమెరికన్ డిజైనర్లకూ పోటీలాంటి ప్రదర్శన జరిగింది. అమెరికా తరఫున నడిచిన నల్లజాతి మోడళ్లు ఆ రాత్రి సభను ఊపేశారు. వాళ్లలో బెథాన్ హార్డిసన్ ఒకామె. ఇక తలుపులు తెరుచుకున్నట్టే అనుకున్నారంతా. తలుపులు తెరుచుకున్నాయి, మళ్లీ మూసుకున్నాయి. 2008లో జోర్డాన్ డన్ ప్రాడా ర్యాంపు మీద నడిస్తే అది వార్త అయింది. ఎందుకు? అంతకుముందు పదేళ్లకు పైగా ఆ ర్యాంపు మీద ఒక్క నల్లజాతి మోడల్ కూడా నడవలేదు కనుక. అదే ఏడాది జులైలో ఇటాలియన్ వోగ్ అందరూ నల్లజాతి మోడళ్లతోనే ఒక సంచిక తెచ్చింది. కాపీలన్నీ అమ్ముడుపోయి మళ్లీ అచ్చు వేశారు. నల్లటి ముఖం ఉంటే పత్రిక అమ్ముడుపోదన్న మాట అబద్ధమని లెక్కతో తేలిపోయింది. అయినా ర్యాంపులు మారలేదు.

అప్పుడు, 2013 సెప్టెంబర్‌లో, బెథాన్ హార్డిసన్ న్యూయార్క్, లండన్, మిలాన్, పారిస్ ఫ్యాషన్ సంఘాలకు ఉత్తరాలు రాసింది. సూపర్ మోడళ్లు ఇమాన్, నవోమీ క్యాంప్‌బెల్ ఆమె వెంట నిలబడ్డారు. నల్లజాతి మోడల్‌ను అసలు తీసుకోనివాళ్లు, ఒక్కరితో సరిపెట్టినవాళ్లు ఎవరెవరో పేర్లతో సహా బయటపెట్టారు. ఆ ఉత్తరం సారం ఇది: మీ ఉద్దేశం ఏదైనా కావచ్చు, ఫలితం మాత్రం జాతి వివక్షే.

ఈ మాట చదివి నేను లేచి కూర్చున్నాను. వాళ్లు ఎవరి మనసులోకీ తొంగి చూడలేదు. నువ్వు మంచివాడివా, చెడ్డవాడివా అని అడగలేదు. తలలు లెక్కపెట్టారు. లెక్క ముందు పెట్టి, దీనికి సమాధానం చెప్పమన్నారు. మా మేడమ్ మంచితనంతో నాకిక పనిలేకుండా పోయింది. ఆ స్టేజీ మీద ఎవరున్నారు, తెర వెనక ఎవరున్నారు? అదొక్కటే ప్రశ్న.

నల్లవాళ్ల పోరాటం మనకు కొత్త చుట్టరికం కాదు. 1946లో అంబేద్కర్ నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాశాడు. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ తమ పేరును బ్లాక్ పాంథర్స్ నుంచే తెచ్చుకున్నారు. అయితే వాళ్ల లెక్కను ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే మనం మోసపోతాం. ఎందుకో చెబుతాను.

హాస్టల్లో నా గదిలో గుంటూరు జిల్లా మాల పల్లె నుంచి వచ్చిన స్నేహితురాలు ఉండేది. పచ్చటి మనిషి. షోలో ఆమెను ముందు వరుసలో నిలబెట్టారు. తర్వాత స్కాలర్‌షిప్ కాగితాల దగ్గర ఆమె కులం తెలిసింది. "అయ్యో, నువ్వు అలా కనబడవే!" అన్నారు. అది మెచ్చుకోలు అనుకున్నారు పాపం. ఆ మర్నాటి నుంచి ఆమె మంచినీళ్ల సీసా ఎవరూ ముట్టుకోలేదు. నల్లటి బ్రాహ్మలున్నారు, తెల్లటి మాదిగలున్నారు. వాళ్ల దేశంలో వివక్షకు చర్మం గుర్తు. మన దేశంలో చర్మం చాలదు. ఇంటిపేరు అడగాలి, ఊరడగాలి, ఊర్లో ఏ వైపు అని అడగాలి. నలుపును మన దగ్గర కూడా ఈసడిస్తారు, నిజమే. 1975 నుంచి ఫెయిర్ అండ్ లవ్లీ ట్యూబులు మన గూడేల దాకా వచ్చాయి. మా అక్క పెళ్లిచూపులకు ముందు నెలరోజులు పూసుకుంది. 2020లో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు చంపాక లోకమంతా అట్టుడికితే, ఆ క్రీము పేరు గ్లో అండ్ లవ్లీ అయింది. పేరులోంచి తెలుపు పోయింది. ట్యూబు పోలేదు. రంగు గురించి ఈమాత్రమైనా సిగ్గుపడటం నేర్చుకున్నారు. కులం గురించి సిగ్గుపడాలని ఇంకా ఎవరికీ అనిపించలేదు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఇదంతా ఇతరుల మీద వేలు చూపడమే అవుతుంది.

2014లో నేను బెంగుళూరులో బట్టలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో మర్చండైజర్‌ని. అక్కడ నా కులం ఎవరికీ తెలియదు. తెలియనివ్వలేదు. ఇంటిపేరును ఒక్క అక్షరంతో సరిపెట్టాను. విదేశీ బయ్యరు నుంచి కబురొచ్చింది, ఈసారి క్యాటలాగులో అన్ని రకాల ముఖాలూ ఉండాలని. ఫొటోగ్రాఫరు కుట్టు లైన్లోంచి ఒక పిల్లను చూపించాడు. పొడుగ్గా, నిగనిగలాడే నల్లటి పిల్ల. మిషన్ దగ్గర్నుంచి లేచి నడిచొస్తుంటే నేను చూశాను. నడక నేర్పాల్సిన పనిలేదు. ఆమెది మనవైపే, అనంతపురం జిల్లా. నన్ను తెలుగులో పలకరించింది. "ఏ ఊరక్కా మీది?" అంది. ఊరు చెప్పాను. "ఊర్లో యాడ?" అంది.

నా గుండె ఝల్లుమంది. ఆ పిల్ల ఆరా తీయడం లేదు, తనవాళ్లను వెతుక్కుంటోంది. అది నాకు ఆ క్షణానే తెలుసు. తెలిసీ ముఖం తిప్పుకున్నాను. ఈమెను తీసుకుంటే ఈమె నాతో చనువుగా ఉంటుంది. చనువుగా ఉంటే నలుగురూ ఇద్దరినీ కలిపి చూస్తారు. ఫొటోగ్రాఫరుతో ఇంగ్లీషులో చెప్పాను, ఈ బట్టలకు ఈమె కుదరదని. ఆ పిల్లతో తెలుగులో చెప్పాను. "లైన్ వదిలేస్తే నీ ప్రొడక్షన్ బోనస్ పోతుందమ్మా. నీ మంచికే చెబుతున్నా."

అవే మాటలు! మేడమ్ మాటలు నా నోట్లోంచి వచ్చాయి.

ఆ క్యాటలాగులోకి నగరంలో పెద్ద ఇంటి అమ్మాయి వచ్చింది. చామనఛాయ, కొనదేలిన ముక్కు. బయ్యరు మెచ్చుకున్నాడు. రంగుల లెక్క సరిపోయింది. కులం లెక్క ఎవరూ అడగలేదు. ఆ గదిలో అడగగలిగిన ఒకే ఒక్క మనిషి నేను. నోరు మూసుకున్నాను. నేను రంగును చూసి ఆ పిల్లను కాదనలేదు. కులం బయటపడుతుందని భయపడి కాదన్నాను. ఉద్దేశం వేరు కావచ్చు. ఫలితం ఏమిటి? నల్లజాతి స్త్రీల కొలత మేడమ్‌కు పెట్టినప్పుడు నాకు పెట్టుకోవద్దా?

భయపడ్డవాళ్లను క్షమించొచ్చంటారు మిత్రులు. వివక్ష చేసేవాడూ, వివక్షకు భయపడేవాడూ ఒకటి కాదంటారు. ఒప్పుకుంటాను. ఇద్దరి పాపం ఒకటి కాదు. కానీ ఆ పిల్ల మిషన్ దగ్గరికి తిరిగి నడిచిపోయిన దూరం మాత్రం ఇద్దరి లెక్కలోనూ ఒకటే.

బొమ్మల్లో ముఖాలు లెక్కపెట్టడం ఎందుకు చాలదో ఇంకొక ఉదాహరణ చెబుతాను. 2018 జనవరిలో హెచ్ అండ్ ఎమ్ కంపెనీ కోతి అని రాసి ఉన్న చొక్కాను ఒక నల్లజాతి పిల్లవాడికి తొడిగి ప్రకటన వేసింది. లోకం మండిపడింది. కంపెనీ క్షమాపణ చెప్పింది, చొక్కా తీసేసింది. మంచిదే. 2021 జనవరిలో తమిళనాడు దిండిగల్ జిల్లాలో, అదే కంపెనీకి బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసే ఒక దళిత యువతి హత్యకు గురైంది. నిందితుడు ఆ ఫ్యాక్టరీ సూపర్‌వైజరే. చొక్కా మీది మాటకు లేచినంత లోకం ఈ చావుకు లేవలేదు. లేచింది దళిత స్త్రీలు నడిపించే ఒక కార్మిక సంఘం. వాళ్లు కొట్లాడి, 2022 ఏప్రిల్‌లో ఫ్యాక్టరీ యాజమాన్యం చేతా, హెచ్ అండ్ ఎమ్ చేతా ఒప్పందం మీద సంతకం పెట్టించారు. ఆడవాళ్లపై హింసతోపాటు కుల వివక్షను కూడా అందులో రాయించారు. ర్యాంపు మీద ముఖం మారినా మిషన్ దగ్గర మారనిది ఏమిటో వాళ్లు లోకం చేత అక్షరాల్లో ఒప్పించారు. నా దృష్టిలో అది మనవాళ్లు రాసిన బెథాన్ హార్డిసన్ ఉత్తరం.

ఇక చెప్పుల దగ్గరికి వస్తాను. ప్రాడా చెప్పుల మీద మన దేశంలో పెద్ద గొడవే జరిగింది. భారతీయ సంస్కృతిని తెల్లవాళ్లు దొంగిలించారన్నారు. తెల్లవాడి మీద కోపం న్యాయమే. పేరు చెప్పకుండా తీసుకోవడం దొంగతనమే. ఆ చెప్పులు మహారాష్ట్రలో 4 జిల్లాలకు, కర్ణాటకలో 4 జిల్లాలకు చెందినవని 2019లోనే జీఐ గుర్తింపు ఉంది. కానీ ఆ అరిచినవాళ్లను నేనొకటి అడుగుతాను. మా చెప్పు మీ సంస్కృతి ఎప్పుడైంది? తోలు వాసనకు ముక్కు మూసుకుని వాడను దూరం పెట్టింది ఎవరు? తీసిపారేసేటప్పుడు అది మాదిగోని చెప్పు, చమారోని చెప్పు. మిలాన్‌కు పోగానే భారతీయ చెప్పు. కుట్టినవాడి దేశం పేరు దాచింది ప్రాడా. కుట్టినవాడి కులం పేరు దాచి, దేశం పేరు చెప్పుకుంది మనవాళ్లు. రెండు చోట్లా తుడిచిపెట్టుకుపోయింది ఆ చెయ్యే.

గొడవయ్యాక, ఇవి భారతదేశపు సంప్రదాయ చేతిపని నుంచి తీసుకున్నవేనని ప్రాడా ఒప్పుకుంది. 2025 డిసెంబర్‌లో మహారాష్ట్ర, కర్ణాటక ప్రభుత్వాల చర్మకార కార్పొరేషన్లతో ఒప్పందం చేసుకుంది. 2,000 జతలు ఇక్కడే చేయించి, జత సుమారు 800 యూరోలకు అమ్ముతామని చెప్పింది. ఆ కార్పొరేషన్లలో ఒకటి సంత్ రోహిదాస్ పేరు మీద, ఇంకొకటి బాబూ జగ్జీవన్‌రామ్ పేరు మీద ఉన్నాయి. దీన్ని నేను తీసిపారేయను. మన కుటుంబాలకు పని వస్తే సంతోషమే. కానీ అడగాల్సినవి అడగాలి. 800 యూరోల్లో ఆరె పట్టిన చేతికి ఎంత? డిజైన్ గదిలో వాళ్ల పిల్ల ఒక్కతైనా కూర్చుందా? అట్టపెట్టె మీద పేరుందా?

2024 నవంబర్‌లో తెలంగాణలో కుల సర్వే వాళ్లు మా ఇంటికొచ్చినప్పుడు నాయిన కులం పేరు గట్టిగా చెప్పాడు. రాసేవాడు సరిగ్గా రాశాడో లేదో వంగి చూశాడు. ప్రభుత్వం లెక్కపెట్టినప్పుడు ఫ్యాషన్ కాలేజీలు, ఎగుమతి కంపెనీలు, పత్రికల ఆఫీసులు ఎందుకు లెక్కపెట్టవు? మేం కులం చూడం అంటారు. చూడకుండానే అందరూ ఒక్క వైపువాళ్లే ఎట్లా కూడారు? చూడనివాళ్ల కోసం మనమే లెక్కపెట్టాలి. చదువుకునే పిల్లలు తమ క్లాసులో, తమ షోలో మొదలుపెట్టాలి. ఎవరు నడిచారు, ఎవరు కుట్టారు, ఎవరు నిర్ణయించారు, ఎవరి పేరు పడింది.

ఇప్పుడు నేను కులం దాచుకోను. ఇంటిపేరు మొత్తం రాస్తున్నాను. తాత రంపె మా ఇంట్లోనే ఉంది. కర్రపిడి అరిగి చేతి ముద్ర పడిపోయింది.

నాయిన అడిగిన ప్రశ్న మాత్రం ఇంకా నా వెంటే ఉంది. కుట్టినోని పేరు రాసిన్రా అని. ప్రాడాను అడిగే ముందు నేను నాకు సమాధానం చెప్పుకోవాలి. బెంగుళూరులో మిషన్ మీంచి లేచి నావైపు నడిచొచ్చిన ఆ పిల్ల, ఊర్లో యాడ అని నన్ను అడిగింది. నేను ఆమెను పేరైనా అడగలేదు.